కూపన్లలో వెతుకుతున్నది కార్డు బిల్లులో ఉంది

ప్రశ్న: మేము నిజాంపేటలో ఉంటాం. నాది ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58 వేలు వస్తుంది. మా ఆవిడ కూకట్‌పల్లిలో టీచరు, ఆమెకు 19 వేలు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. సొంతూరు ఆముదాలవలస దగ్గర. పోయిన సంక్రాంతికి రైలు టికెట్లు దొరక్క ప్రైవేటు బస్సులో వెళ్తే మూడు టికెట్లకు రానూపోనూ 14,400 అయ్యింది. నెల సరుకులు సూపర్‌మార్కెట్‌లో, మిగతావి యాప్‌లలో ఆఫర్లు చూసుకునే కొంటాం. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలట్లేదు. ఏ యాప్‌లో, ఏ కార్డుతో కొంటే బాగా కలిసొస్తుంది? (వాషింగ్ మెషీన్ 24 వేలకు నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నాం. అది కాక క్రెడిట్ కార్డు మీద 30 వేల దాకా బాకీ ఉంది, మూడు నెలలుగా బిల్లులో మినిమమ్ మాత్రమే కడుతున్నాం. లక్ష రూపాయల ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపలేదు.)

జవాబు: అసలు విషయాన్ని మీరు బ్రాకెట్లలో పెట్టేశారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను, యాప్‌ల సంగతి తర్వాత.

మీ కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడండి. 'ఫైనాన్స్ చార్జీలు' అని ఒక లైను ఉంటుంది. చాలా కార్డుల్లో ఇది నెలకు 3 నుంచి 3.75 శాతం. మీది 3.5 అనుకుందాం. 30 వేల మీద నెలకు 1,050 రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 189. మొత్తం 1,239. యాప్‌లో కూపన్ వెతికి వెతికి ఒక ఆర్డరు మీద 40 రూపాయలు తగ్గించుకుంటే, ఈ ఒక్క లైనుకు సరిపడా రావాలంటే నెలకు ముప్పైకి పైగా ఆర్డర్లు పెట్టాలి!

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పోయిన నెల బిల్లు పూర్తిగా కట్టకపోతే, ఈ నెల గీకిన వాటికి వడ్డీ లేని గడువు ఉండదు. నిన్న కొన్న పాల ప్యాకెట్ మీద కూడా నిన్నటి నుంచే వడ్డీ. క్యాష్‌బ్యాక్ ఒక శాతం ఇచ్చి మూడున్నర శాతం తీసుకుంటున్నారన్నమాట. ఇక ఏ కార్డు మంచిదనే ప్రశ్నకు అర్థమే లేదు.

ఎఫ్‌డీని కదపలేదని గర్వంగా రాసినట్టు అనిపించింది. తప్పు పట్టడం లేదు, మన ఇళ్లలో ఎఫ్‌డీ అంటే బంగారంతో సమానం. కానీ అది తెచ్చేది ఏడాదికి ఆరేడు శాతం, కార్డు తీసుకునేది 42 శాతం. గడువుకు ముందే తీస్తే వడ్డీలో సాధారణంగా అర శాతమో ఒక శాతమో కోత పడుతుంది, అంతే. అందులోంచి 30 వేలు తీసి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. కొంత భాగమే తీసే వీలుందా అని బ్యాంకులో అడగండి. లేదంటే మొత్తం తీసి మిగతా 70 వేలు అదే రోజు మళ్లీ వేసేయండి.

వాషింగ్ మెషీన్ ఈఎంఐ గురించి మాత్రం పెద్దగా టెన్షన్ పడకండి. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు, ఆ వడ్డీ మేరకు ధరలో ముందే తగ్గించారని. ఆరు నెలలకు, 16 శాతం లెక్కన వేస్తే 24 వేలలో వడ్డీ 1,080 దాకా ఉంటుంది. దాని మీద జీఎస్టీ 195 మీ జేబులోంచే. 199 ప్రాసెసింగ్ ఫీజు ఉంటే జీఎస్టీతో 235. అంటే 'నో కాస్ట్' ఖరీదు సుమారు 430 రూపాయలు. అయిపోయిందేదో అయిపోయింది, మళ్లీ కొనేటప్పుడు గుర్తుంచుకుంటే చాలు.

ఇక సంక్రాంతి. ఏటా వచ్చే పండగ, తేదీ కూడా పెద్దగా మారదు. అయినా ఏటా అది అనుకోని ఖర్చులాగే మీద పడుతుంది. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఎప్పటిలా సెప్టెంబరులో చూసి, ఇంకా తెరవలేదని వదిలేసి, డిసెంబరులో వెయిటింగ్ లిస్టు చూసి బాధపడేవాళ్లు నా దగ్గరకు వచ్చేవాళ్లలోనే బోలెడు మంది. జనవరి 11న బయల్దేరాలంటే బుకింగ్ నవంబరు 12 ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. 18న తిరుగు ప్రయాణం అయితే నవంబరు 19. బుకింగ్ తెరిచిన మొదటి రోజు ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఐఆర్‌సీటీసీ ఖాతాలకే అవకాశం కాబట్టి ఆ పని ఇప్పుడే చేసుకోండి. సెలవు దొరుకుతుందో లేదో అని ఆగకండి. బాగా ముందుగా రద్దు చేసుకుంటే పోయేది కొంచెమే.

ఆముదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్ ఉన్నాయి. అవి దొరక్కపోతే గోదావరో గరీబ్‌రథో పట్టుకుని విశాఖలో దిగి ఆర్టీసీ ఎక్కండి. బాబుకు ఐదేళ్లు నిండేదాకా బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. పాపకు బెర్తు కావాలంటే పెద్దవాళ్ల చార్జీయే, అయినా రాత్రి ప్రయాణం కదా, తీసుకోండి. అంటే మూడు టికెట్లు. థర్డ్ ఏసీ మనిషికి పన్నెండు వందల అటూఇటూ అనుకున్నా రానూపోనూ ఏడు వేల చిల్లరే. మీరు బస్సుకు పెట్టినదాంట్లో సగం.

రోజూ ఆఫీసుకు బండి మీద వెళ్తున్నట్టయితే దాన్ని మానేసి మెట్రో ఎక్కమని చెప్పను. నిజాంపేట నుంచి స్టేషన్ దాకా ఆటో, దిగాక ఇంకో ఆటో కలిపితే పెట్రోలు ఖర్చుకు దగ్గరగానే తేలుతుంది.

మీ శ్రీమతి సంగతి వేరు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచి ఉంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకు ఉచితంగా జీరో టికెట్ ఇస్తారు, కానీ గుర్తింపు కార్డులో చిరునామా తెలంగాణది ఉండాలి. ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామానే ఉంటే కండక్టరు ఒప్పుకోరు. షేర్ ఆటోకు రోజుకు 40 పెడుతున్నారనుకున్నా నెలకు 24 పనిదినాలకు 960. చిరునామా మార్పుకు రుసుం 75 రూపాయలు. మార్చుకుంటే ఆంధ్రలో స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం వర్తించదు, కానీ అది మీకు ఏడాదికి నాలుగు రోజుల సంగతి. ఓటు, రేషన్ కార్డు ఊళ్లోనే ఉంచుకోవాలనుకుంటే మాత్రం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అది డబ్బుతో తేలే విషయం కాదు. ఉదయం బస్సులో కాలు పెట్టే చోటు ఉంటుందా అనేది కూడా ఆమే చెప్పాలి.

సరుకుల్లో రెండే చూడమంటాను. ఒకటి నూనె. ప్యాకెట్లన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ అన్నీ లీటరు కాదు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు ఉంటుంది. ఐదు రూపాయలు చవక అని తీసుకున్న ప్యాకెట్ వెనక్కి తిప్పితే 800 గ్రాములో 850 గ్రాములో ఉండొచ్చు. ఎమ్మార్పీ పక్కన గ్రాముకు ఎంతో చిన్న అక్షరాల్లో వేస్తారు, అదే చూడండి. రెండోది బియ్యం. 2022 జులై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా ఉన్న బస్తాలకు 5 శాతం జీఎస్టీ పడింది, అందుకే మన దగ్గర 26 కిలోల బస్తాలు వచ్చాయి. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు బస్తా ధర కాదు, కిలో ధర లెక్క కట్టండి. కూరగాయలకు వారానికోసారి కూకట్‌పల్లి రైతు బజారుకు వెళ్లండి. పది నిమిషాల్లో కరివేపాకు తెప్పించుకునే అలవాటు దానంతట అదే తగ్గుతుంది.

ఉచిత డెలివరీ ఊబిలో నేనూ దిగాను. 40 రూపాయల చార్జీ తప్పించుకోవడానికి 180 రూపాయల అగరుబత్తులు కొన్న ఇల్లు మాది. ఇప్పటికీ అయిపోలేదు.

కార్డు బాకీ తీరాక, ఇంతకాలం దానికి కడుతున్న సొమ్ములోంచి నెలకు 1,200 చొప్పున ఒక ఏడాది ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి, జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా. దానికి 'సంక్రాంతి' అని పేరు పెట్టుకోండి. ఏడాదికి 14,400 అవుతుంది, మీరు పోయినసారి బస్సుకు ఇచ్చినంత. ఈసారి రైలుకు సగం పోయినా, మిగతా సగంతో పిల్లల బట్టలు కార్డు గీకకుండా వస్తాయి.