వెలుగు తగ్గినంత మాత్రాన గ్రహమేనా?

ప్రశ్న: నక్షత్రం ముందుగా గ్రహం సాగిపోయేటప్పుడు తగ్గే వెలుగును బట్టి కొత్త గ్రహాలను పట్టుకుంటున్నారని చదివాను. ఎవరూ చూడని ఆ గ్రహం గురుడిలాంటి వాయుగోళమని, దాని ద్రవ్యరాశి ఇంత అని ఎలా చెప్పగలుగుతున్నారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తగ్గిన వెలుగు ఒక్కటే చూసి అలా చెప్పలేరు, చెప్పకూడదు కూడా. నక్షత్ర బింబంలో ఎంత భాగం మరుగున పడిందో ఆ తగ్గుదల తెలుపుతుంది కాబట్టి, నక్షత్రపు వ్యాసార్ధం తెలిస్తే అడ్డు వచ్చినదాని వ్యాసార్ధాన్ని లెక్కకట్టవచ్చు. సౌరకుటుంబం బయటి నుంచి చూసేవారికి గురుడు సూర్యుడి ముందుగా సాగిపోతే వెలుగు సుమారు 1 శాతం తగ్గుతుంది. అయితే గురుడి కన్నా 80 రెట్లు ద్రవ్యరాశి ఉన్న చిన్న ఎర్ర నక్షత్రం కూడా పరిమాణంలో ఇంచుమించు గురుడంతే ఉంటుంది కనుక, ద్రవ్యరాశిని వేరుగా కొలవక తప్పదు.

అందుకు నక్షత్రపు వర్ణపటమే, అంటే రంగులుగా విడదీసిన దాని వెలుగే, ఆధారం. గ్రహం ఆకర్షణ వల్ల నక్షత్రం కూడా స్వల్పంగా అటూ ఇటూ కదులుతుంది. అది మనవైపు వచ్చేటప్పుడు వర్ణపట రేఖలు నీలం వైపుకు, దూరమయ్యేటప్పుడు ఎరుపు వైపుకు జరుగుతాయి. ఈ జరుగుదలను బట్టే గ్రహం ద్రవ్యరాశిని లెక్కకడతారు. అయితే గ్రహం కక్ష్య మనవైపు ఎంత వాలి ఉందో తెలియనంతవరకు ఈ కొలత 'కనీస ద్రవ్యరాశి'ని మాత్రమే ఇస్తుంది. ట్రాన్సిట్ (గ్రహం నక్షత్రం ముందుగా సాగిపోవడం) ఆ వాలును కూడా తెలుపుతుంది కాబట్టే ఈ రెండు కొలతలూ కలిసిన గ్రహాలు అంత విలువైనవి.

ఇలా రెండూ కలిసిన మొదటి గ్రహం పెగాసస్ రాశిలోని హెచ్‌డి 209458 బి. నక్షత్రం కదలికను ముందే గుర్తించగా, 1999 సెప్టెంబరులో డేవిడ్ షార్బొనో, తిమోతీ బ్రౌన్ కొలరాడోలో కేవలం 10 సెంటీమీటర్ల దూరదర్శినితో దాని ట్రాన్సిట్‌ను నమోదు చేశారు. గ్రెగరీ హెన్రీ బృందం కూడా అదే ఏడాది దాన్ని విడిగా గమనించింది. మూడున్నర రోజులకొకసారి తిరిగే ఈ గ్రహం ద్రవ్యరాశి గురుడిలో సుమారు 70 శాతం, వ్యాసార్ధం మాత్రం గురుడికి దాదాపు 1.4 రెట్లు. అంటే సాంద్రత నీటిలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంత తేలికైనది రాతిగోళం కాజాలదు, ప్రధానంగా హైడ్రోజన్, హీలియమే కావాలి. తర్వాత, గ్రహ వాతావరణపు అంచుల గుండా వచ్చిన నక్షత్రకాంతిలో హబుల్ అంతరిక్ష దూరదర్శిని సోడియం జాడను కూడా పట్టింది.

మన దేశంలో ఈ పని వ్యతిరేక క్రమంలో జరిగింది. నాసా వారి టెస్ ఉపగ్రహం ట్రాన్సిట్ గుర్తించిన టీఓఐ-4603 నక్షత్రాన్ని అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు మౌంట్ అబూ నుంచి పారస్ వర్ణపటమాపకంతో పరిశీలించి, 2023లో ఫలితం ప్రకటించారు. అక్కడున్నది దాదాపు గురుడంతే ఉన్నా, ద్రవ్యరాశిలో గురుడికి 13 రెట్లు. సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 14 గ్రాములు, సీసం కన్నా ఎక్కువ! డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) కేంద్రకాల సంలీనం మొదలయ్యే హద్దు కూడా ఈ 13 రెట్ల దగ్గరే ఉన్నందున, దాన్ని భారీ గ్రహమనాలా, బ్రౌన్ డ్వార్ఫ్ (గ్రహానికీ నక్షత్రానికీ మధ్యస్థమైన గోళం) అనాలా అన్న చర్చకు తావుంది. నా దృష్టిలో ద్రవ్యరాశి ఒక్కటే ఆ తీర్పు ఇవ్వలేదు. అది ఎలా పుట్టిందన్నదీ తేలాలి.