బుజ్జికి, బ్రేకుల గురించి

చిరంజీవి బుజ్జికి మామ ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ కోడలు కారు రేసుకు పోతాదంట, నువ్వైనా చెప్పరా" అని ఒకటే గోల. రేసు కాదక్కా, ట్రాక్ డే, పోటీ ఏమీ ఉండదు, తన కారు తను తిప్పుకుంటుంది, ఎదురుగా లారీ రాదు, అడ్డంగా ఆవు రాదు, బెంగుళూరు రోడ్డు కంటే అదే నయం అని చెప్పి ధైర్యం ఇచ్చాను. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి లేచి లైటు వేసుకుని ఇది రాస్తున్నాను.

ముందు సంతోషం చెప్పాలి. నీకు ఏడేళ్లప్పుడు వేసవి సెలవులకు చిత్తూరు వచ్చి గ్రీమ్స్‌పేటలో కార్లు బాగుచేసే నా షెడ్డులో నా పక్కనే కూర్చునేదానివి. పాత బేరింగులు పగలగొట్టి గోళీలు ఏరుకునేదానివి. బ్రేకు ఎవరు కనిపెట్టారు మామా అని అడిగితే బెర్తా బెంజ్ కథ చెప్పాను, గుర్తుందా? 1888లో ఆవిడ భర్త చేసిన కారు తీసుకుని, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. ఆ తోలు ముక్కే ఇవాళ బ్రేకుల్లో రాసుకుని కారును ఆపే లైనర్లకూ ప్యాడ్లకూ అమ్మమ్మ. "అయితే ఆడవాళ్లు కూడా కార్లు తోలొచ్చా" అన్నావు. ఇప్పుడు సొంత సంపాదనతో, సెకండ్ హ్యాండ్‌లోనే అయినా, పోర్షే కేమన్ కొన్నావు. మొన్న నువ్వు పంపిన ఫోటోను షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చూపించాను.

హెల్మెట్టు, టైర్లలో గాలి, డిక్కీ ఖాళీ చెయ్యడం, చక్రాల నట్లు బిగింపు చూసుకోవడం, ఇవన్నీ అక్కడివాళ్లు చెబుతారు, విను.

నేను చెప్పాల్సింది బ్రేకుల గురించి. నువ్వు మూడు రకాల ప్యాడ్ల పేర్లు పంపి "వీటిలో ఏది బాగా పడుతుంది మామా" అని అడిగావు. ఇంత చదువుకున్నదానివి, ఆ ప్రశ్న ఎలా అడిగావే? ఊళ్లో తిరిగే కారుకైతే ఏది బాగా పడుతుందో చూడాలి. ట్రాక్ మీద ఏది ఎంత వేడికి తట్టుకుంటుందో చూడాలి. నువ్వు కూర్చుంటే నీ కారు 1,400 కిలోలకు పైనే ఉంటుంది. 180 వేగంలో వచ్చి మలుపు ముందు 90కి తగ్గించావనుకో, ఆ ఒక్కసారికే నాలుగు లీటర్ల చన్నీళ్లు మసిలేంత వేడి పుడుతుంది. ఆ వేడంతా చక్రాలతో తిరిగే నాలుగు డిస్కులూ, వాటిని అదిమే ఎనిమిది ప్యాడ్లూ మింగాలి, అందులోనూ ముందు చక్రాలవే ఎక్కువ మింగాలి. చల్లారేలోపు ఇంకో మలుపు వస్తుంది. నువ్వు పోయే ఇరుంగట్టుకోట్టై ట్రాక్, చెన్నై దగ్గరిది, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. నువ్వు తిరిగేది ఒక్క రౌండు కాదు.

1990లో ఆ ట్రాక్ తెరిచాక నేను చాలా ఏళ్లు శని ఆదివారాలు అక్కడికి పోయి పిట్‌లో, అంటే కార్లు ఆగి బాగుచేయించుకునే చోట, పని చేశాను. అంతకుముందు చిన్నప్పుడు షోళవరం రేసులకు పోయేవాణ్ణి. పాత విమానాల రన్‌వే అది. నీడ ఉండదు, నీళ్లు దొరకవు, అయినా సాయంత్రం దాకా కదిలేవాళ్లం కాదు. రేసు అయిపోయాక కార్లు ఆగిన చోట వచ్చే ఆ కాలిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అప్పట్లో లైనర్ల దుమ్మును నోటితో ఊదేసేవాళ్లం. అందులో ఆస్బెస్టాస్ ఉండేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నువ్వు వేసే ప్యాడ్లలో అది లేకపోయినా నువ్వు మాత్రం ఏ దుమ్మూ ఊదకు, తడిగుడ్డతో తుడువు.

ఇక నీకు ఇన్నేళ్లూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. మీ నాన్న ఎడమచేత్తో నీళ్ల చెంబు ఎత్తడు, చూసే ఉంటావు. లారీ లైట్లు కళ్లల్లో పడి కారు పక్కకు దిగిపోయింది, అప్పుడు మణికట్టు విరిగింది అని మీ అమ్మ నీకు చెప్పింది. మీ అమ్మకు తెలిసిందీ అంతే. అది నిజం కాదు.

1995 డిసెంబరు. నువ్వింకా పుట్టలేదు. బావకు మారుతి 800 ఉండేది. పిట్‌లో ఒకాయన నాకు దానికి సరిపోయే రేసు ప్యాడ్ల సెట్టు ఇచ్చాడు. అవి చేతికి వచ్చినప్పటి నుంచి నా కాలు నేలమీద లేదు. బావ కారుకు నేనే బిగించాను. డిస్కులు శుభ్రం చేశాను, పిన్నులకు గ్రీజు పెట్టాను, అంతా పద్ధతిగానే చేశాను. బ్రేక్ ఆయిల్ మాత్రం మార్చలేదు. డబ్బాలో లెవల్ నిండుగా ఉంది కదా అనుకున్నాను. అది నాలుగేళ్ల పాత ఆయిల్.

పలమనేరులో పెళ్లికి పోయి రాత్రి తిరిగొస్తున్నాం. నేను తోలుతున్నాను, బావ పక్క సీట్లో ఉన్నాడు, వెనక ఇద్దరు చుట్టాలు. మొగిలి ఘాటు దిగడం మొదలుపెట్టాం. గేరు తగ్గించి దిగాలని నాకు తెలియదా? తెలుసు. నా ప్యాడ్లు ఎంత బాగా పడతాయో బావకు చూపించాలని టాప్ గేరులోనే వదిలి, ప్రతి మలుపు దగ్గరా చివరిదాకా వచ్చి బ్రేకు తొక్కాను. పట్టాయి. వేడెక్కేకొద్దీ ఇంకా బాగా పట్టాయి. వాసన వస్తోంది, చూడు అన్నాడు బావ. కొత్త ప్యాడ్లు బావా, ఆ మాత్రం ఉంటుంది అన్నాను.

ఏడో మలుపో ఎనిమిదో మలుపో. పెడల్ మీద కాలు పెడితే మిగలపండిన అరటిపండు మీద కాలేసినట్టు మెత్తగా దిగిపోయింది. అడుగు దాకా పోయింది. మళ్లీ మళ్లీ తొక్కాను, సగం సగంగా ఏదో పట్టింది. మూడో గేరు, రెండో గేరు వేశాను, ఇంజను అరిచింది. హ్యాండ్ బ్రేకు లాగాను. ఎదురుగా లారీ ఎక్కి వస్తోంది. ఎడమ పక్కన రోడ్డు పనికి పోసిన కంకర కుప్ప కనబడితే కారును దాని మీదికి తిప్పాను. బావ డాష్‌బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది బుజ్జీ.

వేలూరు తీసుకెళ్లి కట్టు కట్టించాం. అక్క వచ్చేలోపల బావ నా వైపు చూసి, "లారీ లైట్లు కొట్టినాయి, అంతే" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

రెండు రోజుల తర్వాత చక్రాలు విప్పి చూశాను. ప్యాడ్లు చెక్కుచెదరలేదు, కొత్తవాటిలాగే ఉన్నాయి. ఆయిల్ బయటికి వదిలే నిపిల్ వదులు చేస్తే కాఫీ డికాషన్ లాంటి ఆయిల్ బుడగలు బుడగలుగా వచ్చింది. మంచి ప్యాడ్లు వేడికి తట్టుకున్నాయి. ఆ వేడి ప్యాడ్లను నొక్కే కాలిపర్ లోపలికి పోయింది. వెనకనున్న పాత ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆయిల్ అయితే ప్యాడ్ వెనకుండే పిస్టన్‌ను నెడుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, అంతే. నేను వేసిన మంచి ప్యాడ్లే కారును అక్కడిదాకా తీసుకెళ్లాయి. మామూలు ప్యాడ్లయితే మూడో మలుపులోనే పట్టు జారడం మొదలుపెట్టి నాకు భయం చెప్పేవి.

అందుకే నీకు ప్యాడ్ల కంటే ముందు ఆయిల్ సంగతి చెబుతున్నాను. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ లాగుతుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక అదే లెక్క 155కు పడిపోతుంది. ట్రాక్‌కు పనికొచ్చేవి వేరే ఉన్నాయి, మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు. సీలు తియ్యని డబ్బానే కొను. నాలుగు చక్రాలకూ పాతది పూర్తిగా పోయేదాకా మార్పించు, ట్రాక్‌కు పోయే వారంలోనే మార్పించు. మిగిలిన సగం డబ్బా దాచి మళ్లీ వాడొద్దు. డాట్ 5 అని సిలికాన్ ఆయిల్ ఒకటి ఉంటుంది, అది నీ కారుకు అస్సలు వద్దు.

ఇప్పుడు నీ మూడు పేర్లు. మొదటిది ఊరి కారు సిరామిక్ ప్యాడ్. శబ్దం చెయ్యదు, చక్రం నల్లబడదు, మీ అమ్మను తిరుమలకు తీసుకుపోవడానికి బంగారం. ట్రాక్ వేడిలో నాలుగు రౌండ్లకే జారుతుంది. మూడోది పేజిడ్ పసుపు ప్యాడ్. గంటల తరబడి సాగే రేసుల కోసం చేసింది, పోర్షే వాళ్లు ఇష్టపడతారు, మంచి సరుకు. కానీ నువ్వు కారును లారీ మీద వేసుకుని పోవడం లేదు. అదే కారులో బెంగుళూరు నుంచి దాదాపు 300 కిలోమీటర్లు తోలుకుంటూ పోతావు, మళ్లీ అదే కారులో ఇంటికి వస్తావు. రేసు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు మొదటి తొక్కుకు సరిగ్గా పట్టదు, కీచుమంటుంది, డిస్కునూ తింటుంది. తెల్లవారుజామున మంచులో, కుక్క అడ్డం వచ్చినప్పుడు, ఆ మొదటి తొక్కే కావాలి. మామూలు టైర్ల మీద అంత ప్యాడ్ వేస్తే టైరు కంటే ముందు బ్రేకు గెలుస్తుంది, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఊరికే కొట్టుకుంటుంది. నీ మొదటి రెండు మూడు ట్రాక్ డేలకు రెండోది, ఫెరోడో డీఎస్2500, చాలు. రోడ్డు మీదా పడుతుంది, ట్రాక్ మీద ఒక్కో విడత పదిహేను నిమిషాలు తిరిగి వచ్చి చల్లార్చుకుంటే నిలబడుతుంది. నీకు చెయ్యి తిరిగి, టైర్లు మార్చాక అప్పుడు పసుపు ప్యాడ్ గురించి మాట్లాడదాం. ముందూ వెనకా ఒకే రకం వెయ్యి. నీ కాలిపర్లు ఎర్రవి కాబట్టి ఇనుప డిస్కులే. పసుపు కాలిపర్లుంటే సిరామిక్ డిస్కులు, వాటి ప్యాడ్ల లెక్క వేరు, అంగట్లో వాడు కలిపేస్తే ఒప్పుకోకు.

ప్యాడ్ మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో పట్టు. రెండో అక్షరం ఏబీసీడీల్లో మొదటిదానికంటే ముందుదైతే, వేడిలో పట్టు తగ్గుతుందన్నమాట, వదిలెయ్యి. ఆ పరీక్షలో పెట్టే వేడి ట్రాక్ వేడికి చాలదు, అందుకని అక్షరాలు బాగున్నాయని ధీమా పడకు.

వేసిన రోజే ట్రాక్‌కు పోకు. ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేకుండా, 100 నుంచి 20కి ఎనిమిది పది సార్లు తగ్గించు, పూర్తిగా మాత్రం ఆపకు. తర్వాత పావుగంట బ్రేకు తొక్కకుండా మెల్లగా తోలి చల్లార్చు. డిస్కు మీద ప్యాడ్ పొర ఒకటి సమంగా అంటుకోవాలి. సగం కంటే ఎక్కువ అరిగిన ప్యాడ్‌తో దిగొద్దు, పలచబడేకొద్దీ వేడి త్వరగా ఆయిల్‌కు అందుతుంది. చివరి రౌండు బ్రేకు తొక్కకుండా తిరిగి రా. పిట్‌లో ఆగాక హ్యాండ్ బ్రేకు వెయ్యకు, గేరును పార్కులో పెట్టి చక్రం కింద రాయి పెట్టు.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. పెడల్ గట్టిగానే ఉంది కానీ కారు ఆగడం లేదంటే ప్యాడ్లు కాలాయి. పెడల్ లోపలికి దిగుతోందంటే ఆయిల్ మరిగింది. ఏదైనా సరే, చెయ్యి పైకెత్తి పక్కకు వచ్చెయ్యి. ఇంకో రౌండు చూద్దాం అనుకోకు. పక్కనోడు నవ్వుతాడని అస్సలు అనుకోకు. ఆ రాత్రి నేను బావ ఏమనుకుంటాడోనని చూసుకున్నాను.

ఈ ఉత్తరం రాస్తానని ఇందాకే బావకు ఫోన్ చేశాను, నిద్ర లేపి మరీ. కాసేపు ఏం మాట్లాడలేదు. "రాయి, దానికి తెలియాలి" అన్నాడు. మీ అమ్మకు నేనే ఇంటికొచ్చి చెబుతాను, నువ్వు చెప్పొద్దు.

ట్రాక్‌కు ముందు రోజు సాయంత్రమే చిత్తూరు వచ్చెయ్యి. మీ అత్త సంగటి, నాటుకోడి చేస్తానంది. నాలుగు చక్రాలూ విప్పి వెర్నియర్ పెట్టి ప్యాడ్లు నేనే కొలుస్తాను, రాసుకుంటాం, తిరిగొచ్చాక మళ్లీ కొలుస్తాం. పొద్దున్నే నేనూ నీతో వస్తాను, పిట్‌లో కూర్చుంటాను.

వచ్చేటప్పుడు ఘాటు దిగాలి కదా. నీది ఆటోమేటిక్ అయినా మాన్యువల్‌లో పెట్టి మూడో గేరులో దిగు. దిగాక బంగారుపాళ్యంలో ఆపి ఒక్క ఫోన్ చెయ్యి.

నీ మామ
చిత్తూరు