ఏడాది చివర్లో మీ ఇంట్లో మాత్రమే జరిగే ఆచారం, ఇచ్చే కానుక ఏమైనా ఉందా?

ఉంది. డిసెంబరు 31 రాత్రి మా ఇంట్లో కేకు ఉన్నా లేకపోయినా, గోడ మీది పాత క్యాలెండర్ దించి అందరూ వినేలా చదవడం మాత్రం తప్పదు.

ఇది నాన్న పెట్టిన అలవాటు. పాలు నాగా అయిన రోజు, గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు, నాకు జ్వరం వచ్చిన రోజు, అన్నీ క్యాలెండర్‌లోనే రాసేవారు. తిథి, వర్జ్యం అచ్చయి ఉంటాయి కాబట్టి ఒక్కో గడిలో మిగిలే చోటు గోరంతే. "జనవరి 17, అక్కయ్య వచ్చింది, సకినాలు తెచ్చింది" అని ఆయన చదవగానే ఆ రోజంతా కళ్ల ముందుకొచ్చేది. చదవడం అయ్యాక ఆ కాగితాలు మా పుస్తకాలకు అట్టలయ్యేవి. 2019 క్యాలెండర్ మాత్రం బీరువాలో దాచాం. అందులో ఆగస్టు 20 తర్వాత ఆయన రాత లేదు.

ఆ ఏడాది చివర్లోనే నా కానుక మొదలైంది. కోఠీలో ఒకే రకం క్యాలెండర్లు తొమ్మిది కొని, మేనత్తకీ బాబాయిలకీ పెద్దమ్మకీ, ఇలా ఇంటికొకటి ఇస్తాను. పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఎర్ర ఇంకుతో, పెద్దల తద్దినాలు నీలం ఇంకుతో నా చేత్తోనే రాస్తాను. కొత్త సంవత్సరం కానుకలో తద్దినాలేమిటని కొందరికి అనిపించవచ్చు. మావాళ్లు ముందు వెతికేది అవే.

పుట్టినరోజులు రాయడం తేలిక, తేదీ మారదు. టెన్షన్ అంతా తిథులతోనే. మామూలుగా తిథి ఏటా పదకొండు రోజులు అటూ ఇటుగా ముందే వచ్చేస్తుంది. అధికమాసం పడితే, అంటే ఒకే పేరుతో నెల రెండుసార్లు వస్తే (ముందుది అధికం, తర్వాతిది నిజం), పంతొమ్మిది రోజుల దాకా ఆలస్యమవుతుంది. వినాయక చవితే చూడండి, 2025లో ఆగస్టు 27న వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి సెప్టెంబరు 14కి వెళ్లింది.

నాన్న తిథి శ్రావణ బహుళ పంచమి. 2023లో శ్రావణమే అధికమాసంగా వచ్చింది. నేను చూసుకోకుండా ఆగస్టు మొదటి వారంలో రాసేశాను. అత్తయ్య ఫోన్ చేసి, "అది అధిక శ్రావణం అమ్మా, మనం నిజమాసంలో కదా పెట్టేది" అంది. ఆ సాయంత్రమే తొమ్మిది ఇళ్లకీ ఫోన్ చేసి సెప్టెంబరుకు మార్పించాను. అప్పటి నుంచి ముందు పెన్సిల్‌తో రాసి, అమ్మకు చూపించాకే ఇంకు పెడుతున్నాను. మీరూ మొదలుపెడితే అలాగే చేయండి.

క్యాలెండర్లు పంచేది నుమాయిష్‌లో. 1938 నుంచి ఉన్న ఎగ్జిబిషన్ అది, నాంపల్లిలో సాధారణంగా జనవరి 1న మొదలవుతుంది. మొదటి రోజుల్లో సగం స్టాళ్లకు ఇంకా మేకులు కొడుతూనే ఉంటారు, అయినా మేం వెళ్తాం. అందరం గాంధీ భవన్ గేటు దగ్గర కలుసుకుని, మిర్చి బజ్జీలు తిని, రబ్బరు బ్యాండు వేసిన క్యాలెండర్ చుట్టలు ఇచ్చేస్తాను.

ఇంటికెళ్లేదాకా అత్తయ్య ఆగదు. అక్కడే లైటు కింద విప్పి, ముందు ఆగస్టు పేజీ తీస్తుంది. 2026లో ఆ తిథి సెప్టెంబరు మొదట్లో పడింది. అందుకని ఆవిడ క్యాలెండర్‌లో ఆగస్టు పేజీ అడుగున, "తమ్ముడిది తర్వాతి పేజీలో ఉంది అత్తయ్యా" అని రాసిపెట్టాను.