తెలీదని ఓటు మానకు

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

"నాకు రాజకీయాలు తెలీవు, తెలీకుండా ఓటేసే కంటే ఊరుకోవడమే మేలు" అన్నావట. మీ నాన్న కోప్పడ్డాడు గానీ, నాకు కోపం రాలేదు. పేపరు తిరగేయకుండానే గంటలకొద్దీ వాదించేవాళ్ల కంటే నువ్వు నయం. అయినా ఊరుకోవద్దు.

బ్రిటిషువాళ్ల కాలంలో ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటు హక్కు ఇచ్చేవారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ లెక్క తీసేశారు. 1951-52 ఎన్నికలప్పుడు చదవడం వచ్చినవాళ్లు నూటికి ఇరవై మంది కూడా లేరు. అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. నేను ఎలక్షన్ డ్యూటీకి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ణి: వేలిముద్ర వేసే ముసలమ్మ ఎవరికి వేయాలో ఇంటిదగ్గరే తేల్చుకుని వచ్చేది. "ఈ రెండో మిషన్ ఎందుకండీ?" అని అడిగేది మాత్రం ఇస్త్రీ చొక్కాలవాళ్లే. ఒకటి ఎమ్మెల్యేకి, ఒకటి ఎంపీకి అని వాళ్లకే చెప్పాల్సి వచ్చేది!

పింఛను ఆగితే ఏమవుతుందో ఆ ముసలమ్మకు తెలిసినంత నాకు తెలీదు. ఆమెను తెలియనిదని ఎలా అంటాం? నీ సంగతి వేరు. చదువుంది, చేతిలో ఫోనుంది.

మేనిఫెస్టోలన్నీ చదవక్కర్లేదు. నీకు నిజంగా పట్టే విషయం ఒక్కటి ఎంచుకో, మీ కాలేజీ బస్సే అనుకో. అది ఎవరి చేతిలో ఉంది, ఇన్నాళ్లూ ఎవరేం చేశారు అని అడుగు. వీధి కాలువ గురించి ఎంపీని నిలదీసి లాభం లేదు.

తర్వాత అభ్యర్థుల అఫిడవిట్లు చూడు. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ అందులో రాయాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పోయినసారీ పోటీ చేసినవాళ్లయితే అప్పటి ఆస్తి, ఇప్పటి ఆస్తి పక్కపక్కన పెట్టి చూడు, సరదాగా ఉంటుంది. కేసుందనగానే కొట్టేయకు. ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ, మోసం కేసూ ఒకటి కాదు. వాట్సాప్‌లో వచ్చింది మాత్రం నమ్మకు, నేను పంపినా సరే.

ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా ఉంది, అంటే 'వీళ్లెవరూ వద్దు' అనే బటన్. కానీ ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో నోటాకే అందరికంటే ఎక్కువ పడినా, దాని తర్వాతి అభ్యర్థే గెలుస్తాడు. అది తెలిసి నొక్కు.

ఇంట్లో అందరూ ఒకరికే వేస్తున్నారని మొహమాటపడకు. ఎవరికి వేశావో నాక్కూడా చెప్పక్కర్లేదు.

ముందు ఓటర్ల జాబితాలో నీ పేరుందో లేదో చూసుకో. లేకపోతే పేరు చేర్చమని అడిగే ఫారం 6 నింపు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇట్లు,
పెదనాన్న