అది వేరే సంగతి కాదమ్మా

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా నాన్న పల్లెల్లో ఉపదేశిగా చేశారు. మాది నాలుగు తరాల విశ్వాసం. నేను ఇరవై రెండేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను, స్త్రీల సమాజానికి సెక్రటరీని కూడా. మొన్న కుటుంబ ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. నేను ఆపి కొవ్వొత్తి వెతుక్కుంటుంటే, ఎనిమిదేళ్ల మనవడు నేను ఆపిన చోటు నుంచి ఆమేన్ దాకా అప్పజెప్పేశాడు. అన్నీ నా మాటలే, నా దగ్గుతో సహా. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఉపవాసాలు, బైబిలు చదవడం ఏదీ మానలేదు. (ఇద్దరు ఆడవాళ్లు సమాజానికి రావడం మానేశారు, అది వేరే సంగతి.) నేను చల్లారిపోయానా?
– ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు నేనూ నవ్వాను. తర్వాత నా సంగతి గుర్తొచ్చింది.

జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో పనిచేసేటప్పుడు నాకొక మంచి గుడ్ ఫ్రైడే ప్రసంగం ఉండేది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మూడోది, తల్లిని శిష్యుడికి అప్పగించే మాట. అక్కడికి వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయేది. మొదటి ఏడాది నిజంగానే పూడుకుపోయింది, మా అమ్మ పోయి అప్పటికి నెల. జనం ఏడ్చారు. తర్వాతి రెండేళ్లూ నోటుబుక్కులో అదే పేజీ తీశాను. మూడో ఏడు ఆరాధన అయ్యాక, శనక్కాయ చేలకు కూలికి పోయే ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని, "పోయినేడు గూడా ఈడనే కండ్లు తుడుసుకుంటిరి గదయ్యా" అనింది. ఎగతాళి కాదు. ఆమెకు గుర్తుంది, అంతే. ఆ సాయంత్రం ఉపవాసం విడవబోతే ముద్ద దిగలేదు.

బైబిలు చివరి పుస్తకం ప్రకటన, దాని మూడో అధ్యాయంలోని లవొదికయ ఊరి సంఘాన్ని నులివెచ్చని సంఘం అంటాం, పండగలకు మాత్రమే గుడికొచ్చేవాళ్ల మీదికి ఆ మాట విసురుతుంటాం. కానీ ఆ ఊరివాళ్లు సోమరులు కారు. క్రీస్తు శకం 60లో భూకంపానికి ఊరు కూలితే, రోమా ప్రభుత్వం ముందు చెయ్యి చాచకుండా సొంత డబ్బుతో కట్టుకున్నారు. మాకేం కొదువ అనడం వాళ్లకు ఊరికే రాలేదు. దగ్గర్లోని హియెరాపొలిలో వేడి ఊటలు, కొలొస్సయిలో చల్లని నీళ్లు. వీళ్లకు మాత్రం నీళ్లు గొట్టాల్లో రావాల్సిందే. తవ్వకాల్లో బయటపడ్డ ఆ గొట్టాల లోపల సున్నం గట్టిగా పేరుకుని ఉంది. మన బోరు నీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి, తెల్లటి అట్ట. రోజూ తోముతూనే ఉంటాం, అది కడుతూనే ఉంటుంది. నీళ్లూ కాగుతూనే ఉంటాయి, కాకపోతే గ్యాస్ ఎక్కువ తింటుంది.

తలుపు దగ్గర నిలబడి తడుతున్నాననే వచనాన్ని క్యాలెండర్ల మీద వేసి బయటివాళ్లకు చూపిస్తాం. యేసు ఆ మాట చెప్పింది ఈ లవొదికయ సంఘానికే. లోపల ఆరాధన జరుగుతోంది, ఆయనేమో బయట ఉన్నాడు.

నాలుగు తరాలన్నారు. లండన్ మిషన్ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో, చెప్పుకోవడానికి మన దగ్గర తరాలకేం తక్కువ? అబ్రాహాము మా తండ్రి అనుకునేవాళ్లతో బాప్తిస్మమిచ్చు యోహాను, ఈ రాళ్లతోనైనా దేవుడు ఆయనకు పిల్లల్ని పుట్టించగలడన్నాడు. రాళ్ల సంగతి కడపవాళ్లకు ఇంకొకరు చెప్పాలా!

నిద్రపట్టలేదన్నారు, అది మంచిదే. కొత్త ఉపవాస కూటం పెట్టి దాన్ని జోకొట్టకండి. భక్తి తగ్గిందనిపిస్తే మనం చేసే పని అదే, ఇంకో కార్యక్రమం పెట్టేస్తాం. మినిట్స్ బుక్కులో ఒక పేజీ పెరుగుతుంది.

పాత మాటలతో ప్రార్థించడం తప్పు కాదు. ప్రభువు ప్రార్థన మనందరికీ కంఠస్థమే కదా. నేను అడిగేది వేరు: మీ మనవడు అప్పజెప్పినదాంట్లో ఆ ఇద్దరి పేర్లు ఉన్నాయా? ఉత్తరం మొత్తంలో నన్ను పట్టుకున్నది మీరు బ్రాకెట్లో పెట్టిన ఆ ముక్కే. వాళ్లెందుకు మానేశారో మీరు రాయలేదు. తెలిసే రాయలేదేమోనని నా అనుమానం. చాలామంది సెక్రటరీలను చూశాను లెండి.

ఈ వారమే వాళ్ల ఇళ్లకు వెళ్లండి, ఇద్దరి దగ్గరికీ ఒకే రోజు వద్దు. హాజరు పుస్తకం, చందా రసీదులు ఇంట్లో పెట్టి వెళ్లండి. కాఫీ ఇస్తే తాగండి. "ఎందుకు రావట్లేదు" అని మొదలుపెట్టొద్దు. వాళ్లు మీ మీదే ఏదైనా అంటే తిరిగి జవాబివ్వకుండా వినండి. అది కష్టం. ఆ రోజు అవ్వతో నేను, "నోట్సు పాతదైనా ఆత్మ కొత్తదమ్మా" అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంటికొచ్చాక ఆ ఇద్దరి పేర్లు మనవడికి చెప్పి, ఆ రాత్రి ప్రార్థన వాణ్నే చేయమనండి. దగ్గు మాత్రం వద్దనండి.