ఊరి పేరుకి 45 వేలా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం పక్క ఊరు. మా అత్తగారి పేరు మీద పూతరేకుల షాపు నడుపుతున్నాం. హైదరాబాద్, బెంగళూరు నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తే కొరియర్ చేస్తున్నాం. ఇప్పుడు వెబ్‌సైట్ పెడదామనుకుంటున్నాం. ఊరి పేరూ పూతరేకులు అన్న మాటా కలిసిన డాట్ కామ్ అడ్రస్ ఒకాయన దగ్గర ఉందట, 45 వేలు అడుగుతున్నాడు. అది స్థలం కొన్నట్టే అంటున్నాడు మా అబ్బాయి. ఎఫ్‌డీ తీసి కొనమంటారా?

జవాబు: ఎఫ్‌డీ ముట్టుకోకండమ్మా.

మీ అబ్బాయి చెప్పిన పోలికలోనే చిక్కుంది. వెబ్ అడ్రస్ స్థలం కాదు, కౌలు. ఎంత పోసి కొన్నా ఏడాదికి వెయ్యి పైచిలుకు రెన్యూవల్ కడుతూనే ఉండాలి. ముందే కట్టేస్తామన్నా ఒక విడతలో పదేళ్ళకి మించి ఇవ్వరు. ఆయన అడిగే 45 వేలు కౌలు కూడా కాదు, షాపు ఖాళీ చేసేవాడు అడిగే గుడ్‌విల్ లాంటిది. అదే 45 వేలు బ్యాంకులో ఉంటే, 7 శాతం అనుకుంటే ఏడాదికి 3,150 వడ్డీ. మీకు నచ్చిన పేరు మీద డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ తీసుకున్నా మామూలుగా ఆ వడ్డీతోనే రెన్యూవల్ అయిపోతుంది. అసలు కదలదు.

ఇక ఆ పేరు సంగతి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు అక్కడ రేకు తీసే వాళ్ళందరిదీ, ఏ ఒక్కరి సొత్తూ కాదు. మీ ఊరు ఆ గుర్తింపు హద్దులోకి వస్తే మీరు కూడా ఆ పేరుకి అధీకృత వాడుకదారుగా నమోదు చేసుకోవచ్చు, చేసుకోండి. కానీ పదిమందిదైన పేరుకి మీరొక్కరే 45 వేలు పెడితే, పక్క షాపాయన మధ్యలో ఒక అడ్డగీత పెట్టో, చివర డాట్ ఇన్ తగిలించో దాదాపు అదే పేరు వెయ్యి, రెండు వేలకి తెచ్చుకుంటాడు. మీరు ఆపలేరు.

పైగా ఆ అడ్రస్‌ని మీ కస్టమర్ ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయాలి కదా. 'పూ' అనడానికి పి పక్కన ఒక యు పెట్టేవాళ్ళున్నారు, రెండు ఓలు పెట్టేవాళ్ళున్నారు. 'త'కి కొందరు ఒట్టి టి, కొందరు టి హెచ్. అప్పుడే నాలుగు స్పెల్లింగులు అయ్యాయి. ముందు 'శ్రీ' తగిలించారా, ఎస్ ఆర్ ఐ అని ఒకరు, ఎస్ ఆర్ డబుల్ ఇ అని ఒకరు, ఎస్ హెచ్ ఆర్ ఐ అని ఇంకొకరు. మొత్తం పన్నెండు! అన్నీ కొనలేం.

అందుకే ముందు మీ వాట్సాప్ తెరిచి పాత ఆర్డర్లు చూడండి. జనం మిమ్మల్ని ఏ మాటతో అడుగుతున్నారు? అత్తగారి పేరుతోనా, ఇంటిపేరుతోనా? ఆ మాటే మీ అడ్రస్. తర్వాత ఊళ్ళో లేని ఐదుగురు చుట్టాలకి ఫోన్ చేసి, పేరు ఒక్కసారి చెప్పి, స్పెల్లింగ్ చెప్పకుండా మెసేజ్‌లో టైపు చేసి పంపమనండి. నలుగురైనా ఒకేలా పంపితే తీసుకోండి, లేకపోతే ఇంకా చిన్న పేరు చూడండి. అంకెలు, అడ్డగీతలు వద్దు. మీ కస్టమర్లు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి డాట్ ఇన్ ఒక్కటే దొరికినా టెన్షన్ పడకండి. తెలుగు లిపిలో డాట్ భారత్ అడ్రస్ కూడా ఉంది, స్పెల్లింగ్ గొడవే ఉండదు. నాకిష్టమే గానీ, ఫోన్లో కీబోర్డు మార్చి మరీ టైపు చేసేవాళ్ళు తక్కువ. రెండోదిగా ఉంచుకోండి.

మొదటి ఏడాది 99 రూపాయలే అని ప్రకటన కనిపిస్తే రెండో ఏడాది రేటు చూసి మరీ నొక్కండి. బిల్లులో 18 శాతం జీఎస్టీ కూడా కలుస్తుంది.

డబ్బు కంటే నాకు భయం వేసేది ఇంకొకటి. ఎనిమిదేళ్ళ కిందట నా ఆఫీసు వెబ్‌సైట్ చేసిన కుర్రాడు అడ్రస్‌ని తన మెయిల్ మీద రిజిస్టర్ చేశాడు. ఉద్యోగం వచ్చి ఊరు మారాడు, నంబరూ మారింది. రెన్యూవల్ మెయిళ్ళన్నీ అతను తెరవని ఇన్‌బాక్సుకి వెళ్ళాయి. డాట్ కామ్‌కి గడువు దాటాక సాధారణంగా కొన్ని రోజులు మామూలు ఫీజుకే ఇస్తారు, ఆ తర్వాత 30 రోజులు జరిమానాతో. నాకు తెలిసేసరికి అవీ దాటిపోయాయి, పేరు ఇంకెవరిదో అయిపోయింది. అప్పటికే కొట్టించిన 500 విజిటింగ్ కార్డుల వెనకవైపు మా ఆవిడ ఇప్పటికీ పాల లెక్క రాసుకుంటోంది. లోకానికి డబ్బు లెక్కలు చెప్పేవాణ్ణి! మీరు మాత్రం మీ మెయిల్, మీ ఫోన్, మీ కార్డు మీదే తీసుకోండి. సైట్ చేసే కుర్రాడికి పాస్‌వర్డ్ పని ఉన్నన్నాళ్ళే ఇచ్చి, తర్వాత మార్చేయండి. మూడేళ్ళకి ఒకేసారి కట్టేయడం మంచిది.

నిజంగా ఖర్చు పెట్టాల్సింది మీ షాపు పేరుకి ట్రేడ్‌మార్క్ తీసుకోవడం మీద. అందులో సరుకుల్ని క్లాసులుగా విడగొడతారు, స్వీట్లు 30వ క్లాసులోకి వస్తాయి. వ్యక్తిగా గానీ, ఉద్యం (చిన్న సంస్థలకిచ్చే ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న సంస్థగా గానీ ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 4,500. రిజిస్టరైతే పదేళ్ళు. వేరేవాళ్ళు ఆ పేరుకి ముందే దరఖాస్తు పెట్టుకున్నారేమో ట్రేడ్‌మార్క్ సైట్లో ఉచితంగా వెతకొచ్చు. అడ్రస్ కొనకముందే అది చూడండి.

పన్ను గురించి ఒక్క మాట. మీరు టర్నోవర్ మీద 6 లేదా 8 శాతం లాభం చూపించే ప్రిజంప్టివ్ పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే ఈ ఖర్చులు విడిగా తగ్గించుకోవడం కుదరదు. కాబట్టి 'పన్నులో కలిసొస్తుంది' అని అమ్మే ఆయన అంటే నమ్మకండి.

ఆయన మళ్ళీ ఫోన్ చేస్తాడు, రేటు తగ్గిస్తాడు. 5 వేలకి దిగినా ఇదే జవాబు. మీ అత్తగారి పేరు మీద అడ్రస్ దొరక్కపోతే మాత్రం మళ్ళీ రాయండి.