మెట్లు ఎటు ఉన్నాయో మరిచిపోకు

చిరంజీవి సింధుకి, పెదనాన్న ఆశీస్సులు.

నేను పంపిన నింటెండో వీడియోగేమ్ యంత్రం, విజార్డ్రీ ఆట కార్ట్రిడ్జ్ ఉన్న పెట్టె చేరిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ప్లగ్గులో పెట్టే ముందు ఈ ఉత్తరం చదువు. అది అమెరికాలో అమ్మిన నింటెండో, దాని అడాప్టర్ 120 వోల్టులకు తయారైంది. మన గోడలోంచి వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టావంటే ఆట మొదలుకాకముందే పొగ వస్తుంది. కార్ట్రిడ్జ్ లోపల నాణెం సైజు బ్యాటరీ ఒకటి ఉంటుంది, నీ ఆటను గుర్తు పెట్టుకునేది అదే. పంపేముందు కొత్తది వేయించాను. ఆట ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ ఆపు. ఆ కాలపు బ్యాటరీ కార్ట్రిడ్జ్‌లకు అది మంచి అలవాటు.

ఇక విజార్డ్రీ సంగతి. ఆరుగురు మనుషుల్ని తయారు చేసి, కోట కింద ఉన్న పది అంతస్తుల నేలమాళిగలోకి దింపే ఆట ఇది. 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం కార్నెల్ యూనివర్సిటీలో చదువుకున్న ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు రాశారు. 1987లో జపాన్‌లో ఫామికామ్ (నింటెండోకు అక్కడి పేరు) మీదకు వచ్చింది, 1990లో అమెరికాలో నీ చేతిలో ఉన్న ఈ కార్ట్రిడ్జ్ వచ్చింది. పిచ్చి రాజు పేరు ట్రెబోర్, వాడి తాయెత్తు ఎత్తుకెళ్ళి పదో అంతస్తులో దాక్కున్న మాంత్రికుడి పేరు వెర్డ్నా. రెండు పేర్లూ ఇంగ్లిష్‌లో వెనక నుంచి చదివితే ఆ కుర్రాళ్ళిద్దరూ కనిపిస్తారు. కథ అంతే. కిందికి దిగడం, తాయెత్తు తేవడం. కథ కోసం ఆడే ఆట కాదిది.

నీకు గ్రాఫ్ పేపర్ కావాలి. ఒక్కో అంతస్తు 20 గడులు ఇటు, 20 గడులు అటు. అంతస్తుకో కాగితం చొప్పున పది. కింద ఎడమ మూల సున్నా, సున్నా. కోట నుంచి దిగే మెట్లు మొదటి అంతస్తులో అక్కడే ఉంటాయి. అక్కడి నుంచి తూర్పుకి ఎన్ని, ఉత్తరానికి ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ వెళ్ళాలి. తూర్పు అంచు దాటి ఇంకో అడుగు వేస్తే పడమటి అంచులో తేలతావు, అందుకని మ్యాప్ కాగితం దాటి పోతోందని కంగారు పడకు. నెట్‌లో తయారు మ్యాపులు దొరుకుతాయి. చూడొద్దు అంటే నువ్వు చూస్తావు కాబట్టి అనను. కానీ చేత్తో గీసిన అంతస్తు మనసులో ఉండిపోతుంది. తలుపు తెరిచి పరిగెత్తాల్సిన క్షణంలో ఫోన్ తీసి వెతికే తీరిక ఉండదు.

పార్టీలో ఆరుగురు. ముందు వరసలో ముగ్గురే కత్తి దూయగలరు, వెనక ముగ్గురికి కత్తి దెబ్బ తగలదు, వాళ్ళు కొట్టలేరు. ముందుకు ఇద్దరు డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) ఫైటర్లు, వాళ్ళతో ఇంకో ఫైటర్. వెనక ప్రీస్ట్ (గాయాలు మాన్పేవాడు), థీఫ్ (ఉచ్చులు విప్పేవాడు), మేజ్ (మంత్రాలతో పోరాడేవాడు). ఒక్కొక్కరికీ ఒక స్వభావం ఎంచుకోవాలి, గుడ్, న్యూట్రల్, ఈవిల్ అని. ప్రీస్ట్‌ను గుడ్ చెయ్యి, థీఫ్‌ను న్యూట్రల్ చెయ్యి (గుడ్ థీఫ్ ఉండడు), మిగతా వాళ్ళు ఈ రెండింట్లో ఏదైనా ఫరవాలేదు. గుడ్‌కీ ఈవిల్‌కీ ఒక పార్టీలో పొసగదు. మనిషిని తయారు చేసేటప్పుడు బలం, తెలివి లాంటివి పెంచుకోవడానికి ఇచ్చే బోనస్ పాయింట్లు మామూలుగా 5 నుంచి 9 దాకా వస్తాయి, అప్పుడప్పుడు పది దాటుతాయి. ఓపికుంటే రద్దు చేసి మళ్ళీ మళ్ళీ చెయ్యి. ఎంత ఓపికపడతావన్నది నీ ఇష్టం, నేనైతే పది దాటిందాకా వదలను.

ఏడో మనిషిగా ఎల్ఫ్ జాతి బిషప్ ఒకామెను కూడా చెయ్యి, వస్తువుల్ని గుర్తు పట్టడానికి. బిషప్‌కు ఐక్యూ (తెలివి) 12, పైటీ (భక్తి) 12 కావాలి. ఎల్ఫ్‌కు రెండూ 10 ఉంటాయి కాబట్టి నాలుగు పాయింట్లతో పని అయిపోతుంది. ఈమెను కిందికి తీసుకెళ్ళకు, పైన గిల్గమెష్ పానశాలలో కూర్చోబెట్టు. కింద దొరికే వస్తువులు ‘కత్తి’, ‘కవచం’ అని మాత్రమే కనబడతాయి, అసలు పేరు తెలియదు. బోల్టాక్ కొట్టువాడు పేరు చెప్పడానికి అడిగే రుసుము, ఆ వస్తువుకు వాడు ఇచ్చే ధరతో సమానం. అంటే నీకు మిగిలేది గుండుసున్నా. అందుకే పైకి వచ్చాక ఒకరిని దింపేసి బిషప్‌ను చేర్చుకుని ఆమెతో ఊరికే గుర్తు పట్టించుకో. శాపం ఉన్న వస్తువైతే అప్పుడప్పుడు ఆమె చేతికే అతుక్కుంటుంది. ఆ ఖర్చు భరించాలి.

కొత్తగా పుట్టిన ప్రతి మనిషి జేబులోనూ కొంత బంగారం ఉంటుంది. అక్కర్లేని మనుషుల్ని తయారు చేసి, వాళ్ళ డబ్బు లాక్కుని, చెరిపేయొచ్చు. ఇది మోసం అనేవాళ్ళున్నారు. ఆ ఆటలో నీకు జరగబోయే వాటితో పోలిస్తే ఇదేమంత పెద్ద పాపం కాదు. డబ్బంతా ముందు వరసకే పెట్టు. లాంగ్ స్వోర్డ్ 25, ఆ పైన మిగిలితే డాలు, కవచం. మేజ్‌కు ఏమీ కొనకు.

పేర్ల విషయం. అమ్మమ్మ పేరు, తమ్ముడి పేరు పెట్టకు. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి వారం గురించి ఎక్కువగా చెప్పాలి, జనం చచ్చేదంతా అక్కడే. లెవెల్ ఒకటిలో నీ మేజ్‌కు రోజుకు రెండు మంత్రాలే. కాటినో నేర్చుకుని ఉంటే ఆ రెండూ దానికే వాడు, హాలిటో నిప్పు ఉండలు విసరాలని చేతులు దురద పెట్టినా సరే. హాలిటో ఒక్కడికి ఎనిమిది దాకా దెబ్బ వేస్తుంది, కాటినో గుంపు మొత్తాన్ని నిద్రపుచ్చుతుంది. నిద్రలో ఉన్నవాణ్ణి ఫైటర్లు చూసుకుంటారు. మెట్ల దగ్గరి నుంచి బయలుదేరు, మొదటి తలుపు తన్ను, ఒక్క పోరాటం చెయ్యి, గెలిచావా, వెనక్కి వచ్చి మెట్లెక్కు. నిజంగానే ఒక్క పోరాటం. పిరికితనంలా అనిపిస్తుంది. అనిపించనీ.

పైన సత్రంలో గుర్రపుశాలలో పడుకోవడం ఉచితం. గాయాలు మానవు, కానీ మంత్రాలు తిరిగి వస్తాయి. కాబట్టి ప్రీస్ట్‌ను గుర్రపుశాలలో పడుకోబెట్టి, లేచాక డియోస్ మంత్రంతో అందరినీ నయం చేయించి, మళ్ళీ పడుకోబెట్టు. డబ్బు కట్టే గదుల్లో గాయాలు మానతాయి కానీ వారాలు గడిచి మనుషులు ముసలివాళ్ళవుతారు. ఇంకో సంగతి, లెవెల్ పెరిగేది సత్రంలో పడుకున్నప్పుడే. కింద ఎంత ఎక్స్‌పీరియన్స్ పోగేసినా పైకి వచ్చి పడుకోకపోతే అది లెక్కలోకి రాదు. పెరిగినప్పుడు బలం, తెలివి ఒక్కోసారి తగ్గుతాయి కూడా. తిట్టుకుని ముందుకు పో.

వెనక్కి తిరగడానికి ఒక లెక్క పెట్టుకో, పోరాటం మధ్యలో కాదు, దిగకముందే. కాటినో అయిపోయిందా, వెనక్కి. ప్రీస్ట్ దగ్గర ఒక్క డియోస్ మిగిలిందా, వెనక్కి. ఎవరికైనా విషం ఎక్కిందా, వెనక్కే, ఎందుకంటే అడుగడుక్కీ ప్రాణం తగ్గుతుంది, విషం దించే లాటుమోఫిస్ ప్రీస్ట్‌కు నాలుగో మెట్టు మంత్రాల్లో గానీ రాదు. మెట్లు పది అడుగుల దూరంలో ఉన్నాయా, ముప్పై అడుగుల దూరంలో ఉన్నాయా అన్నది ఎప్పుడూ నీ నాలిక చివర ఉండాలి. దారి తప్పితే మేజ్ డుమాపిక్ వేస్తే ఎక్కడున్నావో, ఎటు తిరిగి ఉన్నావో అంకెలతో సహా చెబుతుంది. అందుకని లెవెల్ పెరిగి మంత్రాలు ఎక్కువయ్యాక డుమాపిక్‌కు ఒకటి దాచుకోవడం కూడా ఆ లెక్కలోదే. ‘ఇంకొక్క తలుపు తీసి చూద్దాం’ అని నీకు అనిపించినప్పుడల్లా నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటున్నాననుకో.

చస్తే ఏమవుతుందంటావా. ఒకరు చస్తే మిగతావాళ్ళు మోసుకొస్తారు, కాంత్ గుడివాళ్ళు డబ్బు తీసుకుని బతికించే ప్రయత్నం చేస్తారు. లెవెల్ పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. ప్రయత్నం తప్పితే మనిషి బూడిద. బూడిద నుంచి ఇంకోసారి ప్రయత్నం ఉంది. అదీ తప్పితే ఆ పేరు ఆటలోంచి శాశ్వతంగా పోతుంది. అమ్మమ్మ పేరు ఎందుకు పెట్టొద్దన్నానో ఇప్పుడు అర్థమైందా?

ఆరుగురూ పోతే శవాలు పడ్డచోటే ఉంటాయి. ఇంకో పార్టీ దిగి, వెతికి, మోసుకు రావాలి. వెళ్ళేవాళ్ళు ఆరుగురైతే శవాలకు చోటుండదు, ముగ్గురు వెళ్తే ముగ్గురిని తేగలరు. అందుకే రెండో పార్టీని కూడా తీరిక వేళల్లో మొదటి అంతస్తులో పెంచుకో. మొదటి పార్టీ ఎక్కడ ఉందో నీ గ్రాఫ్ కాగితం మీద ఉంటుంది కదా, ప్రతి తలుపు ముందూ పెన్సిల్ చుక్క పెట్టే అలవాటు ఉంటే.

పోరాటం గెలిచాక దొరికే, ఉచ్చులు బిగించిన నిధి డబ్బాల సంగతి క్లుప్తంగా. థీఫ్ చురుకుదనం 16కి పైన ఉండేలా చూడు. ప్రీస్ట్ కాల్ఫో మంత్రం నూటికి 95 సార్లు సరైన ఉచ్చు పేరు చెబుతుంది. ఇద్దరూ ఒకే మాట చెబితేనే విప్పించు. ఇద్దరి మాటా కలవకపోతే, ప్రాణాలు తక్కువగా ఉంటే, డబ్బా వదిలి నడు. టెలిపోర్టర్ ఉచ్చు పేలితే ఆ అంతస్తులో ఏ మూల తేలతావో తెలియదు, ఇంత లెక్కా వృథా.

మొదటి అంతస్తులోనే మర్ఫీ దెయ్యం అని ఒకటుంది. మెల్లగా కొడుతుంది, మెల్లగా చస్తుంది, ఎక్స్‌పీరియన్స్ దండిగా ఇస్తుంది, మళ్ళీ వెళ్తే మళ్ళీ ఉంటుంది. ఎక్కడో నువ్వే కనుక్కో. అది దొరికాక నీ వాళ్ళ లెవెల్ చూస్తూండగా పెరుగుతుంది. విసుగు మాత్రం వస్తుంది, ఏదైనా పాటలు పెట్టుకుని ఆడు.

జపాన్ ఫామికామ్ కార్ట్రిడ్జ్‌లో ఒక పెద్ద తప్పు ఉండేది, కవచం అంకె (అది తగ్గేకొద్దీ రక్షణ ఎక్కువ) ఎంత తగ్గించుకున్నా శత్రువు దెబ్బకు అడ్డు పడేది కాదు. అక్కడి పిల్లలు అలాగే ఆడి గెలిచారు, ఇప్పటికీ ఆ ఆటను నెత్తిన పెట్టుకుంటారు. డ్రాగన్ క్వెస్ట్ అనే జపాన్ వీడియోగేమ్ సృష్టించిన యూజీ హోరీ కూడా విజార్డ్రీ ఆడి ముగ్ధుడైనవాడే. నువ్వు కూడా కవచం మీద నమ్మకం పెట్టుకోకు. వాడు కొట్టేలోపు వాడిని నిద్రపుచ్చడమో చంపడమో, అదే కవచం.

మొదటి అంతస్తులో ఒక చీకటి ప్రాంతం ఉంది, దీపం మంత్రం వేసుకున్నా ఆరిపోతుంది. గోడలు గుద్దుకుంటూ లెక్కపెట్టుకుంటూ దాటితే లిఫ్ట్ వస్తుంది, నాలుగో అంతస్తు దాకా దించుతుంది. దొరికింది కదా అని వెంటనే దిగకు. ముందు మొదటి అంతస్తు తాళంచెవులు, రెండో అంతస్తులోని ఎలుగుబంటి బొమ్మ సంపాదించు. ఆ బొమ్మ లేకుండా నాలుగో అంతస్తులో నడి గదుల్లోకి దారి లేదు. అక్కడ గట్టి పోరాటం గెలిస్తే నీలం రిబ్బన్ దక్కుతుంది, దానితో తొమ్మిదో అంతస్తు దాకా వేరే లిఫ్ట్. అయిదు నుంచి ఎనిమిది దాకా ఉన్న నాలుగు అంతస్తుల్లో ఆట ముగించడానికి అవసరమైనది ఏదీ లేదు. మ్యాపులు గీసే పిచ్చి పట్టాక నువ్వే వెళ్తావు, అది వేరే విషయం.

మేజ్ 13వ లెవెల్ చేరాక టిల్టోవెయిట్, మాలోర్ మంత్రాలు రావడం మొదలవుతుంది. మొదటిది ఎదురుగా ఉన్న గుంపులన్నిటి మీదా పేలుతుంది. రెండోది నువ్వు చెప్పిన గడికి పార్టీని ఎగరేస్తుంది. అంకె తప్పు చెప్పి రాతిలో దిగావా, ఆరుగురూ పోయినట్టే, గుడీ లేదు, బూడిదా లేదు. నీ గ్రాఫ్ కాగితాల మీద అంత నమ్మకం ఉంటేనే వాడు.

పదో అంతస్తులో గదికో కాపలా. చివరి తలుపు మీద బోర్డు చదవకుండా తన్నకు: పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా, ముందుగా చెప్పి వస్తేనే దర్శనం అని రాసి ఉంటుంది, మాంత్రికుడు లోపల ఉన్నాడో లేడో కూడా. ఆ కుర్రాళ్ళ వెటకారం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. లోపల వెర్డ్నా పక్కన రక్తపిశాచాలు ఉంటాయి, వాటి దెబ్బకు ప్రాణం తగ్గడమే కాదు, లెవెల్ కూడా పోతుంది. మొదటి వంతులోనే టిల్టోవెయిట్ వెయ్యి, ఇద్దరు వేయగలిగితే ఇద్దరి చేతా. గెలిచాక కేకలు పెట్టకు, తాయెత్తు కోట దాకా చేర్చితేనే లెక్క. పైకి వచ్చే దారి, దానికి సరిపడా మంత్రాలు దిగేటప్పుడే మిగుల్చుకుని ఉండాలి.

నాలుగో అంతస్తు కాగితం పూర్తయ్యాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, నా దానితో సరిచూస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ కొనడానికి మీ నాన్నను వెంట తీసుకెళ్ళు, ఒక్కదానివే వెళ్తే వాడికి నచ్చదు.

ఇట్లు,
పెదనాన్న